పద్నాలుగో నెంబరు అట్టపెట్టె

శనివారం పొద్దున సరిగ్గా పదింటికి పోస్టమ్మ ఇంటి బెల్లు మోగింది. ఆవిడ మోకాలిని బతిమాలుకుని కుర్చీలోంచి లేచి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, గడియ తీసేసరికి బయట పురుగు కూడా లేదు. గుమ్మం ముందు ఒక అట్టపెట్టె మాత్రం ఉంది. అడ్డంగా నిలువుగా తాడు కట్టి, మూత మీద నల్ల మార్కరుతో 14 అని ఇంత లావున రాశారు. పక్కన చిన్న చీటీ అంటించారు: "ప్రేమతో, వీధి చివరి చర్చి నుంచి."

పోస్టమ్మకి ఒళ్ళు మండింది. మండదూ మరి. ఆవిడ ఉండేది కింది అంతస్తులో, మూడో నెంబరు ఇంట్లో. పద్నాలుగో నెంబరు పైన ఎక్కడో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం మానేసి ఏడాది దాటింది. తెచ్చిన మహానుభావుడెవరో మెట్ల వంక ఒకసారి చూసి, అమ్మో అనుకుని, మెట్ల పక్కనున్న తలుపు దగ్గర పెట్టేసి చక్కా పోయాడన్నమాట.

"మా ఆఫీసులో అయితే సాయంత్రానికి మెమో చేతిలో పడేది," అంది పెట్టెతో.

ఆవిడ అసలు పేరు వేరే ఏదో ఉంది కానీ ఈ వీధిలో అది ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇక్కడే ఉత్తరాలు పంచింది. ఎండనీ వాననీ ఏనాడూ సాకు చెప్పలేదు. పరాయివాళ్ళ పార్సిలు విప్పి చూడటం అంటే ఆవిడ దృష్టిలో దొంగతనమే. ఎవరింటికి ఏమొచ్చిందో పక్కింట్లో నోరు జారడం అంతకంటే పెద్ద తప్పు. ఇక డ్యూటీలో ఉండగా ఎవరి గుమ్మమూ దాటేది కాదు. దాటితే కూర్చోమంటారు, కూర్చుంటే కాఫీ అంటారు, కాఫీ తాగుతుంటే కోడలి మీద చాడీలు మొదలుపెడతారు, అక్కడితో ఆ పూట పంపకం అటకెక్కినట్టే.

రిటైరై ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆవిడ కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు కానీ, లోపల అది ఉండనే ఉంది.

సరే, తిట్టుకుంటూనే పెట్టె ఎత్తింది. నాలుగు కిలోల పైనే ఉంటుంది, చెయ్యి చెప్పేస్తుంది. లోపల ఏదో గలగలమంది. సబ్బు వాసన కూడా వచ్చింది. కొక్కేనికి వేలాడుతున్న పాత నీలం యూనిఫాం కోటు తీసి తొడుక్కుంది. డ్యూటీ అంటే డ్యూటీయే కదా. యాభై నాలుగు మెట్లు, అంతస్తుకి రెండేసిసార్లు ఆగుతూ, ఆగిన ప్రతిసారీ ఆ డ్రైవరెవరో వాడి ఏడు తరాలనీ తలుచుకుంటూ ఎక్కింది.

పద్నాలుగో నెంబరు తలుపు తీసింది ఒక సన్నటి మనిషి, పెయింటరు భార్య. ఆఫీసు గదులు ఊడ్చి తుడిచే పని ఆమెది.

"మేమేం తెప్పించలేదండీ," అంది పెట్టె చూసి.

"తెప్పించారో లేదో నాకు తెలీదమ్మా. నీ నెంబరుంది, నీ గుమ్మం దగ్గరికి తెచ్చాను. అందించడం వరకే నా పని."

లోపలి నుంచి మంచం కిర్రుమంది. పెయింటరు తలెత్తి చూశాడు. ఎత్తయిన గోడకి రంగు వేస్తూ నిచ్చెన మీంచి పడి, కాలు రెండుచోట్ల విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా సిమెంటు కట్టు. ఆ కట్టుకి ఊరికే ఉండలేక ఆకాశం రంగు వేసేసుకున్నాడు, మడమ దగ్గర మాత్రం పసుపు. గుమ్మం పక్కనే స్టూలు వేసుకుని అతని తల్లి కూర్చుని ఉంది. ఆవిడ చీటీ తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"చర్చి నుంచట. మనల్ని ఎవరో గుర్తుపెట్టుకున్నారురా," అంది కొడుకుతో. చీటీ మడిచి కొంగున ముడేసుకుంది.

ఆ ఇంట్లో వాళ్ళు ఎవరినీ చెయ్యి చాచి అడిగే రకం కాదు. అడగకపోతే ఎలా గడుస్తోందో పోస్టమ్మకి ఆ గుమ్మంలో నిలబడే అర్థమైపోయింది. పొయ్యి పక్కన డబ్బాలన్నీ మూతలు తీసి బోర్లించి ఉన్నాయి. ఏమీ లేని డబ్బాలనే అలా కడిగి ఆరబెడతారు. చూసింది కానీ చూడనట్టే తల తిప్పుకుంది.

అలా మొదలైంది. ప్రతి శనివారం పదింటికి బెల్లు, తలుపు తీస్తే పెట్టె, పెట్టె మీద పద్నాలుగు. పోస్టమ్మ కోటు తొడుక్కుంటుంది, యాభై నాలుగు మెట్లు ఎక్కుతుంది. నాలుగో వారానికి అంతస్తుకి ఒకసారే ఆగింది. ఏడో వారానికి మోకాలు మొరాయించడం తగ్గించింది. ఆ సంగతి ఒప్పుకుంటే, రోజూ కాస్త నడవమన్న డాక్టరు మాట నిజమైపోతుందని ఎవరికీ చెప్పలేదు.

పెయింటరు తల్లి పోస్టమ్మకంటే రెండేళ్ళు పెద్దది. మూడో వారానికే ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునే దాకా వచ్చారు. అంటే పోట్లాడుకోవడానికి హక్కు వచ్చేసిందన్నమాట.

"పది దాటి పన్నెండు నిమిషాలైంది వదినా. దారిలో నిద్రపోయావా?" అనేది ఆవిడ స్టూలు మీంచి.

"నువ్వు కూర్చున్న చోటు నుంచి లేవకుండా గడియారం చూడ్డానికేం, బాగానే చూస్తావు," అనేది పోస్టమ్మ రొప్పుతూ.

"లోపలికి రా, మంచినీళ్ళు తాగుదువుగాని."

"డ్యూటీలో గుమ్మం దాటను."

"రిటైరైన మనిషికి డ్యూటీ ఏంటి, నా మొహం."

"కోటుంది కదా ఒంటి మీద. కోటుంటే డ్యూటీయే."

అలా గుమ్మానికి అవతల ఆవిడ, ఇవతల ఈవిడ, అరగంటసేపు ప్రపంచాన్ని చీల్చి చెండాడేవాళ్ళు. పోస్టమ్మకి శనివారం అంటే ఇష్టం పుట్టింది. శుక్రవారం సాయంత్రమే కోటు దులిపి పెట్టుకునేది.

పదకొండో శనివారం పెట్టె మీద ఒక కార్డు అంటించి ఉంది. కవరులో పెట్టలేదు, బాహాటంగానే రాశారు కాబట్టి చదవడంలో తప్పు లేదని పోస్టమ్మ చదివింది. లిస్టు సరిచూస్తున్నారట. పద్నాలుగో నెంబరువాళ్ళు బుధవారం చర్చి హాలుకి వచ్చి సంతకం చెయ్యాలట. సంతకం లేని నెంబరుకి పెట్టె ఆగిపోతుందట.

పెయింటరు భార్య కార్డు చదివి గోడకి ఆనుకుంది. "బుధవారం నాకు డ్యూటీ మార్చరు పిన్నిగారూ. ఆయన మెట్లు దిగలేరు. అత్తయ్యని అంత దూరం ఎలా పంపను? ఇంకా ఆరు వారాలు గడిస్తే కట్టు తీసేస్తామన్నారు. ఆ తర్వాత ఆయన పనిలోకి వెళ్ళిపోతారు. ఈ ఆరు వారాలే..."

పెయింటరు మంచం మీంచి కాలికి వేసిన ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నేనుండగా నీకెందుకమ్మా దిగులు?" అంది పోస్టమ్మ. "బుధవారం నేను వెళ్తాను. ఎలాగూ ఆ డ్రైవరు మీద నాదొక కంప్లైంటు ఉంది. పదకొండు వారాలుగా దాచిపెట్టుకున్నాను."

బుధవారం ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, మీటింగుకి వెళ్ళినట్టు వెళ్ళింది.

చర్చి వెనక పొడుగాటి హాలు. ఒక మూల బియ్యం డ్రమ్ము, తూకం, మరో మూల బంగాళాదుంపల బస్తాలు. గోడ పొడవునా చెక్క అరలు, ఒకటి నుంచి నలభై దాకా నెంబర్లతో. అచ్చం పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే అరల్లా ఉన్నాయి. పోస్టమ్మకి ముచ్చటేసింది. మరుక్షణం సబ్బుల పక్కనే బిస్కెట్లు పేర్చి ఉండటం చూసి ముచ్చట కాస్తా దిగిపోయింది. వరుసలో నిలబడి ఉండగానే నాలుగు సబ్బులు తీసి అవతలి బల్ల మీదకి చేర్చింది. ఎవరో వింతగా చూస్తే, "బిస్కెట్టు తింటే నురగ వస్తుంది లేకపోతే," అంది.

పప్పు బల్ల దగ్గర మందుల షాపాయన డబ్బాతో పప్పు కొలిచి పొట్లాలు కడుతున్నాడు. పోస్టమ్మ మోకాలి మాత్రలు కొనేది ఆయన దగ్గరే. పలకరింపుగా నవ్వింది. ఆయన నవ్వబోయి, ఎందుకో తల వంచేసుకుని చాలా శ్రద్ధగా పప్పు కొలవడం మొదలుపెట్టాడు.

లిస్టు పుస్తకం ముందు కూర్చున్నావిడ పాత లెక్కల టీచరు. పోస్టమ్మకి ముందున్న ముసలాయన, కోడలికి కూతురు పుట్టిందని చెప్పాడు. టీచరు వాళ్ళ కాగితంలో 'తినేవాళ్ళు' అన్నచోట నాలుగు కొట్టేసి ఐదు వేసింది.

"కొత్త నెంబర్లు ఇవ్వడం నా చేతిలో లేదు గానీ, ఉన్న ఇంట్లో మనిషి పెరిగితే సరుకు పెంచుతాం," అని నవ్వింది. "పాపకి పాలపొడి కూడా పెడతాను."

పోస్టమ్మ వంతు వచ్చింది. "పద్నాలుగో నెంబరు తరఫున వచ్చానండీ. దానికంటే ముందు ఒక మాట. మీ డ్రైవరు మెట్లెక్కడు. పదకొండు వారాలుగా పద్నాలుగో నెంబరు ఇంటి పెట్టె తెచ్చి కింద మూడో నెంబరు గుమ్మంలో పడేసి పారిపోతున్నాడు. బెల్లు కొట్టి మరీ పారిపోతున్నాడు."

భుజం మీద బస్తాతో అటు వెళ్తున్న ఒక భారీ మనిషి ఆగాడు. పొద్దున్నే బేకరీ వ్యాను తోలి రొట్టెలు వేసి, శనివారాలు ఈ పెట్టెలు వేసే డ్రైవరు ఆయనే. బస్తా దింపకుండానే, "నేను సరైన గుమ్మంలోనే పెట్టానండీ," అన్నాడు నెమ్మదిగా.

"పద్నాలుగంటే మూడో అంతస్తు నాయనా. నువ్వు పెట్టింది మా ఇల్లు."

"మీ ఇంటికేనండీ పెట్టమన్నది."

టీచరు పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టింది. కానీ ఆలస్యమైపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఎదుటివాళ్ళ బల్ల మీద తలకిందులుగా ఉన్న అడ్రసులు చదివిన కళ్ళవి. పోస్టమ్మ చదివేసింది. '14. మూడో నెంబరు ఇల్లు. రిటైరైన పోస్టుమనిషి. ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళ నొప్పి. మాత్రలు సగానికి విరుచుకుని వాడుతోంది. తినేవాళ్ళు: 1.'

ఆవిడ చెవులు వేడెక్కాయి. హాల్లో అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది, నిజానికి ఎవరి పనిలో వాళ్ళున్నారు.

టీచరు గొంతు తగ్గించింది. "పేర్లు రాస్తే ఎవరికైనా నామోషీగా ఉంటుందని పెట్టెల మీద లిస్టులో వరస నెంబరు వేస్తాం. ఇంటి నెంబరు కాదండీ. తెచ్చినవాళ్ళ మొహం చూడాల్సిన ఇబ్బంది ఉండకూడదని బెల్లు కొట్టి వచ్చేయమంటాం. ఇది ఇక్కడి పద్ధతి. పద్నాలుగు మీరే."

"నన్నెవరు రాయించారు?"

"అది చెప్పను. ఎవరు ఎవరిని రాయించారన్నది ఈ పుస్తకం దాటి పోదు."

సరిగ్గా అప్పుడే పప్పు బల్ల దగ్గర డబ్బా చెయ్యి జారి, పప్పంతా నేల మీద జల్లున పడింది. మందుల షాపాయన గబగబా వంగి ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఒక మనిషి చెవులు అంత ఎర్రబడటం పోస్టమ్మ అంతకుముందు చూడలేదు.

"మరి ఆ పెట్టెలన్నీ ఏం చేశారు మీరు?" అంది టీచరు.

"అందించాను."

"ఎవరికి?"

"అది నేను చెప్పను. ఎవరింటికి ఏం చేరిందో పక్కవాళ్ళకి చెప్పే అలవాటు నాకు లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే జాతి మనుషులు ఎదురుపడితే ఇట్టే తెలిసిపోతుంది. టీచరు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

"అడగను లెండి. వాళ్ళని కొత్తగా రాయాలన్నా రెండు నెలలు ఆగాలి, సరుకు నలభై నెంబర్లకే వస్తుంది. మీరు ఈ కాగితం మీద సంతకం పెట్టెయ్యండి. పెట్టె వస్తుంది. ఎవరికి ఇచ్చుకుంటారో మీ ఇష్టం."

పోస్టమ్మ కాగితం తీసుకుని చదివింది. 'ఈ సరుకు నాకు అందింది, తిన్నాము, వాడుకున్నాము.' పెన్ను పట్టుకుంది. సంతకం చెయ్యకుండానే మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"తిన్నాము అని ఉందండీ. నేను తాడు కూడా విప్పలేదు."

"ఒక్క బిస్కెట్టు కూడానా?"

"పరాయి పార్సిలండీ," అంది పోస్టమ్మ, ఇంకేం చెప్పాలో తెలియక.

టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "శనివారం దాకా టైముంది. కాగితం తీసుకెళ్ళండి. డ్రైవరు వచ్చినప్పుడు ఇచ్చి పంపండి. అప్పటికీ సంతకం లేకపోతే మాత్రం నేను చెయ్యగలిగింది లేదు."

ఇంటికొచ్చి పోస్టమ్మ కోటు విప్పకుండానే వంటగదిలో కూర్చుంది. ముందు మందుల షాపాయన మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. అరగంట గట్టిగా ప్రయత్నించినా నిలవలేదు. ఎదురుగా షెల్ఫులో సగం విరిచిన మాత్ర, కాగితంలో చుట్టి పెట్టిన సగం ఉల్లిపాయ, పొద్దున మిగుల్చుకున్న సగం రొట్టె కనబడుతున్నాయి. ఎప్పటి నుంచి తను అన్నీ సగాలు చేసుకుంటోందో ఆవిడకే గుర్తు రాలేదు. ఆయన రాయించింది అబద్ధమేమీ కాదు. అదీ అసలు బాధ.

సంతకం పెట్టకపోతే పైన డబ్బాలు మళ్ళీ బోర్లుతాయి. చూడనిదానికి సంతకం పెడితే ముప్పై ఒక్క ఏళ్ళూ బూడిదలో పోసినట్టే. ఒక బిస్కెట్టు కొరికి తిన్నానని రాయొచ్చు. కానీ అది తనని తాను మోసం చేసుకోవడమే, ఇన్‌స్పెక్టరు అక్కర్లేదు దాన్ని పట్టుకోవడానికి. నిజంగా తింటే తప్ప నిజమైన సంతకం పడదు. నిజంగా తినాలంటే పైకెళ్ళి, ఇది నా పెట్టె అని చెప్పాలి. లేని మనిషిని నేనే అని వదిన ముందు ఒప్పుకోవాలి. ఇన్నాళ్ళూ ఆ గుమ్మంలో తను తెచ్చే మనిషి. రేపటి నుంచి పెట్టించుకునే మనిషి. ఆ తేడా తలుచుకుంటే యాభై నాలుగు మెట్లు ఐదొందలై కనబడ్డాయి.

అదొక్కటే కాదు. మనల్ని ఎవరో గుర్తుపెట్టుకున్నారురా అన్న ఆ ముసలావిడ మాట కూడా తనే వెనక్కి లాక్కోవాలి.

శనివారం పదికి రెండు నిమిషాల ముందే పోస్టమ్మ తలుపు వెనక నిలబడింది. బెల్లు మోగీ మోగకముందే తీసేసింది. డ్రైవరు పారిపోవడానికి సగం తిరిగి, ఒక కాలు గాల్లో ఉండగా దొరికిపోయాడు.

"ఆగు నాయనా. ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఇదే ఆఖరిదండీ. సంతకం కాగితం తెమ్మన్నారు."

"ఇస్తాను. పైకి రా. ఈ బరువు నువ్వు పట్టకు, నేను మోస్తాను. మెట్లు మాత్రం నువ్వూ ఎక్కాలి. పదకొండు వారాల బాకీ."

రొట్టెలు మోసే మనిషే గానీ మెట్లు అలవాటు లేవు పాపం. రెండో అంతస్తుకే ఆయన పిట్టగోడ పట్టుకున్నాడు. పోస్టమ్మ పెట్టెతో సహా పై మెట్టు మీద నిలబడి, "నెమ్మదిగా రా, తొందరేం లేదు," అంది. చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

పైన స్టూలు మీద పెయింటరు తల్లి కళ్ళు చికిలించింది. "ఇవాళ కోటేది వదినా? ఉద్యోగంలోంచి పీకేశారా?"

"నేనే వదిలేసి వచ్చాను," అంది పోస్టమ్మ. పెట్టె గుమ్మానికి ఇవతల దింపింది. ఊపిరి కూడదీసుకుంది. వెనకాల డ్రైవరు గోడ మీద చెయ్యేసి రొప్పుతున్నాడు. ఇంతమంది ముందు చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు కానీ, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు.

"ఇది మీ పెట్టె కాదు వదినా. నాది. మొదటి నుంచీ నాదే. మీద ఉన్నది వాళ్ళ లిస్టులో నా వరస నెంబరు. నేను మీ ఇంటి నెంబరనుకున్నాను. మిమ్మల్ని ఎవరూ రాయించలేదు. నన్ను రాయించారు, నాకు జరగడం లేదని. జరగడం లేదన్నది నిజమే."

పెయింటరు భార్య చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "అయ్యో పిన్నిగారూ. మీ నోటి దగ్గరది మేం..." అంటూ ఏడుపు ఆపుకోలేకపోయింది. పెయింటరు లేచి కూర్చోబోయి కాలు గుర్తొచ్చి ఆగిపోయాడు.

"మేం తీర్చేస్తాం అత్తయ్యా. కట్టు విప్పగానే..." అన్నాడు.

"నువ్వుండరా," అంది తల్లి. ఆవిడ స్టూలు మీంచి పోస్టమ్మ మొహంలోకి చూస్తోంది. "ఎవరూ రాయించలేదా మమ్మల్ని?"

"లేదు వదినా."

"ఎవరూ గుర్తుపెట్టుకోలేదన్నమాట."

పోస్టమ్మ వంగి పెట్టె మీది తాడు సర్దింది.

"మరి పదకొండు శనివారాలు ఆ మోకాలేసుకుని ఇన్ని మెట్లెక్కి వచ్చిందెవరే, దెయ్యమా?" అంది ముసలావిడ. "చర్చివాళ్ళకి నేను తెలియకపోతే పోయింది. నీకు తెలుసుగా. సరే, ఇప్పుడేం చెయ్యాలి? పెట్టె వెనక్కి తీసుకెళ్తావా?"

"తీసుకెళ్ళను. ఈ కాగితం మీద తిన్నాను అని సంతకం పెట్టాలి. తినకుండా పెట్టను. అంచేత..." పోస్టమ్మ మాట తడబడింది. జీవితంలో ఎవరినీ అడగని మాట అది. "నాకు ఇంత అన్నం పెట్టు వదినా."

ముసలావిడ స్టూలు మీంచి లేచింది. ఆ స్టూలు మీంచి ఆవిడ లేవడం పోస్టమ్మ చూడటం అదే మొదటిసారి. లేచి, ఆ స్టూలే పొయ్యి దగ్గరికి ఈడ్చుకెళ్ళి వేసి, కొంగుతో తుడిచింది. "ఏం, అన్నం గుమ్మంలో నిలబడి తింటావా? రా."

పోస్టమ్మ కాలు గుమ్మం మీద ఒక్క క్షణం ఆగింది. పాత అలవాటు. ఒంటి మీద కోటు లేదని గుర్తుచేసుకుని దాటింది.

తన పేరున వచ్చిన పెట్టె తాడు తనే విప్పింది. ముడి కొయ్యనివ్వలేదు, తాడు పనికొస్తుందని గోళ్ళతో విప్పింది. బియ్యం, పప్పు, బంగాళాదుంపలు, నూనె, బిస్కెట్లు, సబ్బు. బిస్కెట్ల పొట్లం వాసన చూసి మొహం చిట్లించింది. అందరూ తలో పని అందుకున్నారు. వదినలిద్దరూ ఒకే కత్తి కోసం దెబ్బలాడుకుని, ఆ తర్వాత తొక్క ఎంత మందంగా తియ్యాలన్న దాని మీద దెబ్బలాడుకున్నారు. డ్రైవరు వెళ్ళిపోతానన్నాడు. కాగితం లేకుండా ఎలా వెళ్తావని పెయింటరు ఆయన్ని మంచం చివర కూర్చోబెట్టి, కట్టు మీద మడమ దగ్గర ఇంకే రంగు వేస్తే బాగుంటుందో అడగడం మొదలుపెట్టాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, బాగా కాలిన రొట్టె రంగు అన్నాడు.

పన్నెండున్నరకి కంచాలు పెట్టారు. వేడన్నం, పప్పు, బంగాళాదుంపల కూర. పోస్టమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఏదీ సగం చెయ్యకుండా తిని ఎన్నాళ్ళయిందో. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి, కూర కారంగా ఉందని వదిన మీదకి నెట్టేసింది. రెండోసారి అన్నం పెట్టించుకుంది. వద్దని అనలేదు.

చెయ్యి కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, కాగితం ముందేసుకుంది. 'తిన్నాము, వాడుకున్నాము' అన్న లైను మళ్ళీ ఒకసారి చదివి సంతకం పెట్టింది, పూర్తి పేరుతో. ఆ పేరు చూసి పెయింటరు భార్య, "ఇదా మీ పేరు," అంది. తర్వాత 'తినేవాళ్ళు' అన్నచోట టీచరు వేసిన ఒకటి కనబడింది. పోస్టమ్మ దాన్ని చూస్తూ కాసేపు పెన్ను తిప్పింది. తర్వాత ఒకటిని అడ్డంగా కొట్టేసి పక్కన నాలుగు వేసింది. దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం కూడా పెట్టింది, పద్ధతి ప్రకారం.

"ఏంటా కొట్టివేతలు?" అంది వదిన మీదకి వంగి.

"లెక్క సరిచేశాను. నలుగురం తింటున్నాం అని రాశాను. దాన్నిబట్టి సరుకు పెంచుతారు."

వదిన ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, తీసి డ్రైవరు చేతిలో పెట్టింది. ఆయన మడతపెట్టి జేబులో వేసుకునేదాకా చూసింది.

"అయితే విను. రేపు ఆదివారం. పన్నెండున్నరకి నాలుగు కంచాలు పెడతాను. ఎల్లుండి కూడా నాలుగే. నువ్వు రాకపోతే నీ సంతకం అబద్ధం అవుతుంది, నీ ఇష్టం."

పోస్టమ్మ నోరు తెరిచింది. ఏదో ఒకటి అనాలి, వదిన మాటకి ఎదురు చెప్పకుండా ఊరుకున్న రోజు లేదు. ఏమీ దొరకలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళలో తప్పుడు సంతకం ఎరగని మనిషి. ఆదివారం పన్నెండున్నరకి యాభై నాలుగు మెట్లూ ఎక్కింది, చేతిలో ఏ పెట్టే లేకుండా.